ఇరవై ఏడో నంబరు అనుముల కోసం మూడు రోజులు

2026 ఫిబ్రవరి 3, మంగళవారం, ఉదయం 7 గంటల 40 నిమిషాలకు మెహదీపట్నంలో మొయినాబాద్ బస్సెక్కాను. బస్సు 7:25కు రావాలి. పదిహేను నిమిషాలు ఆలస్యమని లేడీ కండక్టరుకు చెప్పాను.

"కూసోని చెప్పమ్మా. నిలబడి చెప్తే పడ్తవు," అంది.

కూర్చుని మళ్లీ చెప్పాను. ఆధార్ కార్డు చూసి సున్నా రూపాయల టికెట్టు ఇచ్చింది. నేను బస్సు టికెట్లు తేదీల వారీగా దాచే మనిషిని. సున్నా ఉన్నదాన్ని దాచాలా వద్దా అని లంగర్‌హౌస్ దాకా ఆలోచించి దాచాను. సున్నా కూడా సమాచారమే.

నాకు డెబ్బై ఒక్కేళ్లు. పుట్టింది గుంటూరు వైపు, ఉద్యోగం చేసింది హైదరాబాదులో. ఒక వ్యవసాయ పరిశోధన సంస్థలో ఫీల్డ్ అసిస్టెంటుని. ఊళ్లు తిరిగి పాతరకం విత్తనాలు సేకరించడం, పొట్లం కట్టి నంబరు వేయడం, పుస్తకంలో రాయడం నా పని. పరిశోధన పత్రాల మీద పేరు సైంటిస్టులది, వేళ్ల మీద సిరా నాది.

బయలుదేరడానికి కారణం

మా సంస్థలో ఇప్పుడు పావని అనే సైంటిస్టు ఉంది. ముప్పై రెండేళ్లు, నిద్ర తక్కువ. నావీ నాలాంటి వాళ్లవీ పాత పుస్తకాలన్నీ ఒక పెద్ద పట్టికగా చేసి ఇంటర్నెట్‌లో బాహాటంగా పెట్టింది. ఎవరినీ అడగక్కర్లేదు, ఏ దేశం వాళ్లైనా దించుకోవచ్చు. విత్తనాల వాళ్లు, పురుగుల వాళ్లు, జన్యువుల వాళ్లు అందరూ ఒకే పట్టిక చూస్తే ఒకరు చేసిన పని ఇంకొకరు మళ్లీ చేయక్కర్లేదన్నది ఆమె సిద్ధాంతం. మా రోజుల్లో సిద్ధాంతం వేరు. బీరువా తాళం ఎవరి దగ్గరుంటే వాళ్లే శాస్త్రవేత్త.

ఆ పట్టిక ఎక్కడో దూరదేశంలో పురుగుల మీద పనిచేసే ఒకాయన చూశాడు. ఇరవై ఏడో నంబరు, నల్ల అంచు అనుములు. అంటే అనపకాయల్లో ఉండే గింజలు. పాత సాగు పరీక్షలో చుట్టూ ఉన్న వరుసలన్నిటినీ కాయతొలిచే పురుగు తినేసింది, ఈ ఒక్క వరుస జోలికి పోలేదు. మా సంస్థలో ముప్పై ఏడేళ్లుగా ఎవరికీ కనబడని సంగతి ఆయనకు మంచం మీద పడుకుని కనబడింది. ఇరవై గింజలు పంపగలరా అని మర్యాదగా ఉత్తరం రాశాడు.

పావని చల్లని గదిలోంచి పెట్టె తీసి నలభై గింజలు తడి కాగితంలో పెట్టింది. ఒక్కటీ మొలవలేదు. ఇన్నేళ్లూ మేము శవాలను చల్లగా దాచామన్నమాట.

సరే, పుట్టిన ఊళ్లోనైనా ఉంటుందేమోనని ఆ పురుగులాయన స్నేహితుడొకడు, ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, పట్టికలో ఉన్నట్టే షాబాద్ వెళ్లి రెండు రోజులు తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. వచ్చి, లోకమంతా చూసేచోట, నంబరు కింద ఇలా రాశాడు: "స్థలం తప్పుగా నమోదైనట్టుంది."

నమోదు చేసింది నేను. ఆ వాక్యం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

పుస్తకం తీశాను. 1989 ఫిబ్రవరి 14, మంగళవారం. పేజీ నెత్తిన కనకమామిడి అని ఊరి పేరు ఒక్కసారి రాసి, కింద వరుసగా విత్తనం, ఇచ్చినవారు అని రెండే గళ్లు గీశాను. ఇరవై ఏడు ఎదురుగా "షాబాదామె" అని ఉంది. కంప్యూటరులోకి ఎక్కించినవాడు వరుసలు ఎక్కించాడు, నెత్తిన ఉన్నది వదిలేశాడు. స్థలం గడి ఖాళీగా ఉండేసరికి షాబాదామెను షాబాద్ చేసి అందులో పడేశాడు. అత్తగారి ఊళ్లో కోడలిని పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారని వాడికి ఎవరు చెప్పాలి?

"శుక్రవారం సాయంత్రం అయిదుకు కొత్త పట్టిక మూసేస్తాను మేడమ్," అంది పావని. "అప్పటికి గింజ దొరక్కపోతే ఇరవై ఏడుకు ఎదురుగా జీవం లేదు, స్థలం అనుమానం అని రాయాలి. అలా రాశాక దాని కోసం ఎవరూ వెతకరు. చచ్చిపోయిందని మనమే రాసినదాని కోసం ఎవరొస్తారు?"

చేతిలో ఉన్నది నాలుగు రోజులు. గింజ బతికి ఉందో లేదో తేలాలి. నిజం చెప్పాలంటే, ఆ రోజుకు నాకు గింజ కన్నా ఆ "తప్పుగా" అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది.

మొయినాబాద్

ఆ బస్సు మొయినాబాద్ వరకే. రోడ్డు పక్క హోటల్లో నాలుగు పూరీలు, ఆలుగడ్డ కూర, నలభై రూపాయలు. పూరీలు బాగున్నాయి. చాయ్ పదిహేను, అందులో చక్కెర ఇద్దరికి సరిపోయేంత. మా వైపు కాఫీ ఇలా ఇస్తే గొడవపడతారు. ఇక్కడ పక్కాయన ఇంకో చెంచా అడిగి వేయించుకున్నాడు.

కనకమామిడికి ఆటో మాట్లాడాను. డ్రైవరు యాదగిరి, యాభై ఏళ్ల మనిషి, రెండు వందలన్నాడు, నూట యాభైకి వచ్చాడు.

"ప్లాటా, ఫామ్‌హౌజా అవ్వా?" అన్నాడు.

"అనుములు."

"అది ఏ దిక్కు వెంచరు?"

"వెంచరు కాదయ్యా. తినే అనుములు."

"తినేటియా! గవి మార్కెట్ల దొరుకుతయి గద. గింత దూరం ఎందుకొచ్చినవ్?" దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. "పొద్దుగాల నుంచి నలుగురిని తిప్పిన. అందరు గజం ఎంత అని అడిగెటోల్లే. గింజ అడిగింది నువ్వొక్కదానివే."

దారిలో కాంపౌండు గోడలు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ముళ్లకంచె ఉన్న చేన్లు నాలుగు. అనుము తీగ పాకేది కంచె మీద. గాజుపెంకులు గుచ్చిన గోడ మీద ఏదీ పాకదు.

కనకమామిడి

1989లో షాబాదామె ఇల్లు పిండిగిర్ని పక్కన. ఇప్పుడు గిర్ని లేదు, ఆ చోట టైల్సు అమ్ముతున్నారు. ఎదురుగా రేకుల నీడలో నలుగురు ఆడవాళ్లు కొత్తిమీర కట్టలు కడుతున్నారు. వాళ్లలో పెద్దామె బాలమణి. అరవై ఉంటాయి. కట్ట కట్టడం ఆపకుండా మాట్లాడుతుంది.

"ఈ ఊళ్లో షాబాదామె ఎవరమ్మా?" అని అడిగాను.

"ఏ షాబాదామె? మూడిండ్లల్ల ఉన్నరు. ఒకామె నేనే."

ముగ్గురుంటారని నేను ఊహించలేదు. 1989లో కూడా ముగ్గురే ఉండి ఉంటారు. నేనే ఒకామెను చూసి పుస్తకం మూశాను.

"నల్ల అంచు అనుములు పండించినామె," అన్నాను.

నలుగురి చేతులూ ఆగాయి. "నల్లంచువా! గవి సత్తెమ్మవి గద," అంది బాలమణి. "ఆమె గుడాలు ఉడకబెడితే వాడ వాడంత వాసనొచ్చేది." తర్వాత నా మొహం పరీక్షగా చూసింది. "అయితే గింజలు తీస్కపోయినామెవు నువ్వేనా?"

"నేనే."

"మా అత్త సచ్చేదాంక తిట్టింది నిన్ను. గడియారం పెట్టుకున్నామె గింజలు తీస్కపాయె, మళ్ల మొకం సూపియ్యకపాయె అని."

వాళ్ల పద్ధతి అప్పుడు చెప్పారు. విత్తనం ఎవరు అడిగినా ఇస్తారు, లేదనరు. ఏ కులమైనా, ఏ ఊరైనా సరే. కానీ శుక్రవారం ఇవ్వరు, దీపం పెట్టాక ఇవ్వరు. తీసుకున్నవాళ్లు పంట వచ్చాక దోసెడుకు రెండు దోసెళ్లు తిరిగి తెచ్చి పోయాలి. ఆ ఏడు ఇచ్చినవాళ్ల ఇంట్లో విత్తనం చెడిపోతే, తీసుకున్నవాళ్ల ఇంట్లోంచి తిరిగి వస్తుంది. ఊరి విత్తనం అలా నాలుగిళ్లలో బతికి ఉండేది. పావని పట్టిక ఇప్పుడు చేయాలని చూస్తున్నది వీళ్లు కంప్యూటరు లేకుండా చేశారు. పైగా వీళ్ల పద్ధతిలో తిరిగి ఇవ్వడం కూడా ఉంది.

"మేము రశీదు ఇచ్చాం కదా," అన్నాను. నిజంగానే ఇచ్చాం. మూడు కాపీలు.

"రశీదు నాటితే మొలుస్తదా?" అంది పక్కామె. నలుగురూ నవ్వారు.

సత్తెమ్మ ఇప్పుడు చేవెళ్లలో బిడ్డ దగ్గర ఉందట. లేవబోతే నా ఎడమ చెప్పు తెగింది. బాలమణి తన హవాయి చెప్పులు నా ముందుకు తోసింది. "వేస్కపో. తిరిగి తేవాలె మల్ల. రెండు జతలు గాదు తియ్, ఒక్కటే తే." జొన్నరొట్టె, టమాట తొక్కు పెట్టి పంపించారు. మా ఇళ్లల్లో తిట్టదలచుకున్న మనిషిని ఆకలితో పంపిస్తారు. వీళ్లు తిట్టి, తినిపించి పంపారు.

చేవెళ్ల

ఇంటికెళ్లి పడుకుని, బుధవారం ఉదయం 9:10కి చేవెళ్లలో దిగాను. మార్కెట్లో క్యారెట్లు కడిగి కుప్పలు పోశారు. గులాబీలను కూరగాయల్లాగే కాటా మీద తూచి అమ్ముతున్నారు. అనపకాయలు కిలో ఎనభై. వలిచి చూస్తే గింజకు నల్ల అంచు లేదు. "అన్ని గిట్లనే ఉంటయమ్మా, కంపెనీ విత్తనం," అన్నాడు అమ్మేవాడు, నేను ఒలిచిన కాయ వెనక్కి తీసుకుంటూ.

సత్తెమ్మ బిడ్డ అనసూయ పూలు అమ్ముతుంది. ఇల్లు మార్కెట్ వెనకాలే. సత్తెమ్మ గడప దగ్గర కూర్చుని బంతిపూలు గుచ్చుతోంది. ఎనభై దాటాయి, దారం ఒక్కసారికే సూదిలోకి పోతోంది. నన్ను చూడగానే అంది:

"గడియారం పిల్లవు గాదె నువ్వు! చాయ్‌ల చక్కెర ఎక్కువైందని మా పెంటకుప్ప మీద పారబోసినవు. నేను సూసిన."

ఆ సంగతి నా పుస్తకంలో లేదు. కానీ నిజమే.

వచ్చిన పని చెప్పాను. పట్టికలో షాబాద్ అని తప్పుగా పడిందనీ, కనకమామిడి అని దిద్దాలనీ, ఆమె సాక్ష్యం కావాలనీ. పెన్ను మూత తీసి సిద్ధంగా పట్టుకున్నాను.

"తప్పెందుకైతది?" అంది సత్తెమ్మ. "నల్లంచువి షాబాద్‌వే. మా తల్లిగారింటివి. లగ్గమైనంక మా అవ్వ కొంగుల కట్టి పంపింది. కనకమామిడిల అంతకుముందు నల్లంచు ఎక్కడిది?"

పెన్ను మూత మళ్లీ పెట్టేశాను. టైపు చేసినవాడు ఏమీ తెలియకుండా నిజం రాశాడు. నేను అన్నీ తెలిసి సగమే రాశాను. ఆమెను అయిదు ప్రశ్నలు అడిగాను ఆనాడు: ఎన్ని ఎకరాలు, ఏ నేల, ఎప్పుడు విత్తుతారు, ఎప్పుడు కోస్తారు, పురుగు పడుతుందా. మీకు ఈ విత్తనం ఎవరిచ్చారని అడగలేదు. ఫారంలో ఆ ప్రశ్న లేదు.

"ఇప్పుడు నీ దగ్గర ఉన్నాయా?"

"ఏడికెల్లి ఉంటయి? భూమి అమ్మినంక కంచె తీసి గోడ కట్టిరి. తీగ దేని మీద పారాలె? ఒక్క దోసెడు ఉంటే, మా తమ్ముని పెండ్లాం లచ్చమ్మకు ఇచ్చిన. వాల్లింట్ల విత్తనం పురుగు పట్టిందని ఏడ్సుకుంట వచ్చింది. ఉంటే గింటే ఆమె కాడ ఉండాలె."

ఆమె పేరు పట్టికలో పెట్టొచ్చా అని అడిగాను. ఈసారి అడగకుండా రాసే ధైర్యం లేదు.

"ఎవరెవరు సూస్తరు?"

"లోకమంతా."

"అమ్మో. పింఛన్ ఆపుతరా?"

"పింఛనుకూ దీనికీ సంబంధం లేదు. పేరూ ఊరూ మాత్రమే. ఫోన్ నంబరు పెట్టం."

"సర్వే నంబర్?" అంది లోపలి నుంచి అనసూయ.

"అదీ పెట్టం."

"అయితే పెట్టు," అంది సత్తెమ్మ. "ఉత్త సత్తెమ్మ అని పెట్టు. మా ఆయన పేరు తగిలియ్యకు. ఆయన జిందగీల ఒక్క అనపకాయ తెంపిన పాపాన పోలే."

షాబాద్

గురువారం 11:20కి షాబాద్. లచ్చమ్మ ఇంటికి దారి అడిగితే ముగ్గురు మూడు వైపులు చూపించారు. మూడోది సరైనది. డెబ్బై ఏళ్ల మనిషి, వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. భర్త రాములు మంచం మీద కూర్చుని ఫోన్‌లో పత్తి ధర చూస్తున్నాడు.

"అనుములా? నెల కింద ఒక సారొచ్చిండు," అంది లచ్చమ్మ. "ఫోన్ల బొమ్మ సూపిచ్చిండు."

"మీ ఇంటికే వచ్చాడా? మరి లేవన్నారా?"

"నన్నడిగితే గద చెప్పనీకి! ఎరువుల దుకాణంల అడిగిండట, ఆన్నుంచి ఈయనను అడగనీకి వచ్చిండు. ఈయనకు అనుములకు, చిక్కుల్లకు ఫరక్ ఎర్కనా?"

"నాకెందుకే గవన్ని? నేను పత్తి పెడ్త," అన్నాడు రాములు, తల ఎత్తకుండా. "లేవని చెప్పిన. సారు థాంక్స్ అని చెప్పి పోయిండు."

"చాయ్ తాగి పోయిండు," అని దిద్దింది లచ్చమ్మ. "చాయ్ పెట్టింది నేను. నాతోటి ఒక్క ముచ్చట మాట్లాడలే."

నేను ఆ సారును తిట్టుకోబోయి ఆగాను. నాకు ఆ అర్హత లేదని నిన్ననే తేలింది.

లచ్చమ్మ ఇంట్లోంచి మూతికి బట్ట కట్టిన కుండ తెచ్చింది. బూడిద, ఎండిన వేపాకు, అడుగున గింజలు. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులతో నాటలేదట. చాటలో పోసి బూడిద చెరిగింది. నల్ల అంచు కనబడింది. దాని కోసం నేను మూడు రోజులు తిరిగాను, కానీ అది చాటలో ఉన్నప్పుడు నేను చూసింది అంచు కాదు, చిల్లులు. లెక్కపెట్టాను. అరవై ఒకటి. చిల్లు పడినవి నలభై నాలుగు. చేలో కాయను తొలిచే పురుగు వేరు, కుండలో గింజను తొలిచేది వేరు. నిండు గింజలు పదిహేడు. రెండోసారి లెక్కపెట్టినా పదిహేడే.

"నీకు ఎనిమిదిస్త. తొమ్మిది నాయి," అంది.

"పరిశోధనకు అన్నీ కావాలి," అన్నాను, అలవాటుగా.

"పెట్టెల పెట్టి సంపెతందుకా?"

ఎనిమిది తీసుకున్నాను.

"పంట వచ్చినంక పదారు తేవాలె. మా ఆడిబిడ్డయి అప్పుడు తీస్కపోయినవు గద, అవి గూడ తేవాలె. ముప్పై ఏడేండ్లయె."

1989లో తీసుకున్నది రెండు వందల గ్రాములు. ఏటేటా రెండింతలు అని లెక్క వేయడం మొదలుపెట్టి పదిహేనో ఏటికి మానేశాను, అప్పటికే లారీ కావలసి వస్తోంది. ఒక్కసారికి రెండింతలు, నాలుగు వందల గ్రాములతో రాజీ కుదిరింది. రాములు మధ్యవర్తిగా ఉంటానన్నాడు. నోరు మూసుకోమంది లచ్చమ్మ.

అక్కడి నుంచే పావనికి ఫోన్ చేశాను. "ఎనిమిది దొరికాయి. తిరిగి ఇవ్వాలి అన్న షరతు మీద. పట్టికలో రాయాలి."

"ఆ కాలమ్ లేదు మేడమ్."

"పెట్టు."

"అది అంతర్జాతీయ నమూనా మేడమ్. కాలమ్స్ మనిష్టం వచ్చినట్టు పెట్టలేం."

లచ్చమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "బిడ్డా, గింజలు ఇంక నా వాకిట్లనే ఉన్నయి. పెడ్తవా, మళ్ల కుండల పోసుకోనా?"

పావని పెడతానంది.

శుక్రవారం, సంస్థలో

ఎనిమిది గింజల్నీ తడి ఇసుకలో పెట్టాం. పట్టికలో ఇరవై ఏడుకు ఎదురుగా పావని ఇలా రాసింది: మూలం షాబాద్, సాగు కనకమామిడి, ఇచ్చినవారు సత్తెమ్మ, తర్వాత లచ్చమ్మ, ఇద్దరి అనుమతితో. చివర కొత్త గడి ఒకటి, "తిరిగి ఇవ్వవలసినది". అంతర్జాతీయ నమూనా ఏమీ కూలిపోలేదు. సాయంత్రం 4:35కి పూర్తయింది. పురుగులాయనకు, పంట వచ్చాక మీ వంతు, ఇదే షరతు మీద, అని ఉత్తరం వెళ్లింది.

"స్థలం తప్పు" అన్న సారుకు జవాబు నేను చెప్పాను: "స్థలం ఒప్పే. మీరు అడిగిన మనిషి తప్పు." పావని "ధన్యవాదాలు" అని మాత్రం టైపు చేసింది.

ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంటే, ఆ కొత్త గడి మిగతా నంబర్లకు కూడా నింపుదామని నా పుస్తకం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. పావని కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని కూర్చుంది. ఒకటి, మల్లయ్య భార్య. రెండు, చేవెళ్లామె. నాలుగు, బావి పక్కామె. మగవాళ్లు ఎనిమిది మంది, తండ్రి పేర్లతో సహా ఉన్నారు. గంట అయిదయ్యేసరికి పావని కీబోర్డు మీంచి వేళ్లు తీసేసింది.

పోయినవి, ఫిబ్రవరి 20, శుక్రవారం నాటికి:

ఆనాటి ముప్పై నాలుగు నమూనాల్లో, పావని పరీక్షించిన మేరకు, జీవం పోయినవి పంతొమ్మిది.

లచ్చమ్మ కుండలో పురుగు తిన్నవి నలభై నాలుగు గింజలు.

ఇసుకలో పెట్టిన ఎనిమిదిలో మొలవనివి అయిదు, మొలిచి వాడిపోయింది ఒకటి. రెండు బతికి ఉన్నాయి, కుండీల్లో, కర్రలు పాతాం.

విత్తనమిచ్చిన ఆడవాళ్లు ఇరవై ఆరుగురు. నేను అడిగిన పేర్లు సున్నా. ఇప్పటికి దొరికింది ఒకటి. పోయినవి ఇరవై అయిదు.